ఈ సీన్లో ఆవిడ లేదు

తాతయ్యకి మాటలు జారిపోతున్నాయని అందరికంటే ముందు కనిపెట్టింది ఆయన భార్య. కనిపెట్టి, ఎవరికీ చెప్పలేదు.

తాతయ్య అసలు పేరు స్టూడియోలో సగం మందికి తెలియదు. వారం వారం టీవీలో వచ్చే ఒక నవ్వుల సీరియల్లో, ఏళ్ళ తరబడి, ఆ ఇంటికి పెద్దదిక్కు ఆయనే. గేటు దగ్గర కాపలా మనిషి నుంచి నిర్మాత దాకా అందరికీ ఆయన తాతయ్యే. బజార్లో కూరగాయలమ్మే ఆవిడ కూడా "తాతయ్యా, మీ మనవరాలికి ఈ వారమన్నా బుద్ధి చెప్తావా లేదా" అని నిలదీసి, ఇంకో గుప్పెడు ఎక్కువ వేసి పంపేది. "నవ్వు నాలుగు విధాల చేటంటారు గానీ, నాకు మాత్రం నాలుగు వేళ్ళూ నోట్లోకి పోయేది దానివల్లే" అనేవాడు ఆయన.

ఆయన భార్య పెళ్ళికి ముందు నాటకాల్లో పనిచేసింది. వేషాలు కట్టలేదు. తెర పక్కన చీకట్లో కూర్చుని, నటులు మర్చిపోయిన మాట అందించడం ఆవిడ పని. "మా ఆవిడ నాకు మొదట ఇచ్చింది మనసు కాదండీ, నేను మర్చిపోయిన డైలాగు" అని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేవాడు తాతయ్య. ఆవిడ ఆ మాట కొత్తగా విన్నట్టే నవ్వేది.

ఒక ఉదయం ఆయన గడ్డం గీసుకుంటూ, అద్దంలో కనబడుతున్న భార్యకి చేతిలోది ఎత్తి చూపించి, "దీన్నేమంటారు?" అని అడిగాడు.

"రేజరు" అంది ఆవిడ, మామూలుగా.

"అదే. నాలిక చివరే ఉంది" అని మళ్ళీ గీసుకోవడం మొదలుపెట్టాడు. ఆవిడ వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి, నీళ్ళ చప్పుడులో కాసేపు అలాగే నిలబడిపోయింది.

డాక్టరు దాచలేదు. ఇది పెరిగేదే గానీ తగ్గేది కాదన్నాడు. పని మానిపించమన్నాడు. ఆ మాట ఎత్తగానే తాతయ్య చెప్పులేసుకుని బయటికి నడిచాడు. "ఇంట్లో కూర్చోబెడితే రేపే పోతాను. నీ ఇష్టం" అన్నాడు వీధిలోంచే.

అప్పటినుంచి ఆవిడ రోజూ ఆయనతో పాటు స్టూడియోకి రావడం మొదలుపెట్టింది. మందులు వేళకి వెయ్యాలని డైరెక్టరుతో చెప్పింది. డైరెక్టరు నడివయసు మనిషి, మెత్తగా మాట్లాడుతుంది, ఎవరితో మాట్లాడినా వాళ్ళ చెయ్యి పట్టుకుని మాట్లాడుతుంది. "మీ ఇల్లే అనుకోండి అమ్మగారూ" అంది. అప్పటినుంచి స్టూడియోలో అందరికీ ఆవిడ అమ్మగారే.

ఇల్లనే అనుకోవాలి మరి. మూడు గోడల ఇల్లు. నాలుగో గోడ ఉండాల్సిన చోట కెమెరాలు, వాటి వెనక మెట్ల మెట్లుగా జనం. ఆ ఇంట్లో మేడమెట్లు ఒక చెక్కబల్ల దాకా వెళ్ళి ఆగిపోతాయి. ఫ్రిజ్‌లో మోటారు లేదు. వంటింటి కిటికీ అవతల గుడ్డ మీద రంగులేసిన ఆకాశం ఉంటుంది. ఆ కిటికీ కింద, గోడ వెనక్కి ఒక ముక్కాలిపీట వేసుకుని కూర్చునేది ఆవిడ. తాతయ్య ఆగిపోతే, గిన్నెల స్టాండు సందులోంచి ఆవిడ మాట వచ్చేది. పెదవి కదిలీ కదలనట్టు, ఆయనకి తప్ప ఇంకెవరికీ వినబడనట్టు. ఆయన ఏదో వంకతో ప్రతి సీనూ వంటింటి వైపు లాక్కుపోయేవాడు. చూసేవాళ్ళు ఈ తాతయ్య ఉత్త తిండిపోతు అనుకుని నవ్వుకునేవాళ్ళు. రైటరు కూడా అలాగే అనుకుని, ఆయన చేతికి ఎప్పుడూ ఒక పళ్ళెం రాయడం మొదలుపెట్టాడు.

ఈ సంగతి తెలిసినవాడు ఒక్కడే. సీరియల్లో తాతయ్యకి పెద్దకొడుకు. అతన్నందరూ పెద్దబ్బాయి అనే పిలుస్తారు, అతనికీ జుట్టు నెరిసింది. నాటకాల రోజుల్లో సామాన్లు మోస్తున్న అతన్ని తెచ్చి, నిలబడ్డం, నడవడం, ఆగడం నేర్పింది తాతయ్యే. "గురువుగారూ" అనకుండా మాట మొదలుపెట్టడు. తాతయ్య తడబడితే ఆ తడబాటుని తన డైలాగులో కలిపేసుకుని గట్టున పడేసేవాడు. ఆవిడకి అతనంటే కొడుకంత అభిమానం.

ఏడాది చివర సెలవుల ఎపిసోడ్ వచ్చింది. సీరియల్‌కి అదే పెద్ద రోజు. ప్రతి ఇంట్లోనూ బంధువులంతా ఒకే గదిలో చేరి చూస్తారు. ఆ ఎపిసోడ్ చివర తాతయ్య కుటుంబాన్నంతా కూర్చోబెట్టి నాలుగు మాటలు చెప్తాడు. అందులో నవ్వుండదు. ఏడాది పొడుగునా నవ్వించిన మనిషి ఆ కాసేపూ నవ్వించడు. చూసేవాళ్ళు ముక్కు చీదుకుని, టీవీ కట్టేసి, పక్కనున్న వాళ్ళని కాస్త ప్రేమగా చూస్తారు. అదీ లెక్క.

ఈసారి కథలో, అందరూ బహుమతులు విప్పబోతుంటే కరెంటు పోతుంది. బల్ల మధ్యన కొవ్వొత్తి పెట్టుకుని చుట్టూ కూర్చుంటారు. ఆ వెలుగులో తాతయ్య మాట్లాడతాడు. కొవ్వొత్తి వెలుగు కెమెరాకి సరిగ్గా పడాలని బల్లని గది నడిమధ్యకి జరిపారు. వంటింటి గోడకి ఆమడ దూరం.

అమ్మగారు డైరెక్టరు దగ్గరికి వెళ్ళి, బల్లని కొంచెం అటు జరపడానికి కుదురుతుందా అని అడిగింది.

"ఎందుకమ్మా?"

ఇంకో అబద్ధం వెతుక్కుంది. దొరకలేదు. చెప్పేసింది. రేజరు దగ్గర్నుంచి అంతా చెప్పింది.

డైరెక్టరు ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది. కళ్ళు చెమ్మగిల్లాయి కూడా. "ఇన్నాళ్ళూ ఒక్కరే మోశారా ఇదంతా? నాకో మాట చెప్తే పోయేది కదా. చెవిలో పట్టే చిన్న మిషనుంది, కనబడదు. మీరు మేకప్ గదిలో హాయిగా కుర్చీలో కూర్చుని మైకులో చెప్పండి, నేరుగా ఆయన చెవిలో పడుతుంది. ఆ పీట మీద నడుం విరగ్గొట్టుకోవడం ఎందుకు?"

ఆవిడకి గుండెల మీంచి బరువు దింపినట్టయింది. ఇంతకాలం ఎందుకు దాచానా అనుకుంది.

మొదటిసారి తీసినప్పుడు అంతా సవ్యంగానే నడిచింది, ఒక్క చోట తప్ప. మిషను గరగరమని, ఒక మాట తాతయ్యకి సరిగ్గా వినబడలేదు. మనవరాలిగా వేసే చిన్నపిల్లని దగ్గరికి పిలవాల్సింది. పిలవబోయి, పేరు అందక, "ఏమండీ" అన్నాడు. హాలు గొల్లుమంది. ఇంట్లో అందరికంటే చిన్నదాన్ని పట్టుకుని అంత మర్యాదగా 'ఏమండీ' అనేసరికి జనం పొట్టలు పట్టుకున్నారు. నవ్వు ఆగి మళ్ళీ లేచింది.

డైరెక్టరు రైటరు వంక చూసింది. రైటరు చేతిలో కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఇంకోసారి తీద్దాం" అంది డైరెక్టరు. సౌండు చూసే అతని దగ్గరికి వెళ్ళి, "ఈసారి ఆవిడ మైకు ఆయన చెవికి కలపొద్దు" అంది.

"ఆవిడకి చెప్పాలా మేడమ్?"

"చెప్తే కంగారు పడతారు."

తర్వాత పెద్దబ్బాయిని మేడమెట్ల వెనక్కి తీసుకెళ్ళింది. "ఆయన ఆగిపోతే మీరు కలుపుకోవద్దు. కదిలించండి. బల్ల చుట్టూ ఎవరు ఎవరో అడగండి."

"ఆయనకి బాలేదు మేడమ్. నాకు తెలుసు."

"నాకూ తెలుసు. మీకింకోటి తెలుసా? మీ సీన్లొస్తే జనం మంచినీళ్ళు తాగడానికి లేస్తున్నారట. పైవాళ్ళు వచ్చే ఏడాదికి మీరు ఊరు మారిపోయినట్టు రాయమంటున్నారు. నేనే ఆపుతున్నాను." అతని చెయ్యి నొక్కింది. "బాధపెట్టమనట్లేదు. సరదాగానే. పెద్దాయనకి నవ్వంటే ప్రాణం కదా."

పెద్దబ్బాయి కాసేపు ఆ మెట్ల కిందే నిలబడ్డాడు. పిలుపు రాగానే వెళ్ళి తన కుర్చీలో కూర్చున్నాడు.

లైట్లు తగ్గాయి. కొవ్వొత్తి వెలిగించారు. బల్ల చుట్టూ తాతయ్య, పెద్దబ్బాయి, కోడలిగా వేసే ఆవిడ, చిన్నపిల్ల. తాతయ్య గొంతు సవరించుకున్నాడు. హాలంతా సద్దుమణిగింది.

"ఇంట్లో దీపం పోయినప్పుడే..." అని ఆగాడు.

గోడ అవతల ఆయన గొంతు ఆగడం విని, మేకప్ గదిలో అమ్మగారు మైకులో చెప్పింది. "ఎవరెక్కడ కూర్చున్నారో గొంతుని బట్టి తెలుస్తుంది." అటునుంచి ఆయన గొంతు రాలేదు. మళ్ళీ చెప్పింది. ఆవిడ మాట, సౌండు చూసే అతని చెవుల్లో తప్ప ఎక్కడా వినబడడం లేదు. మూడోసారి ఆవిడ గొంతులో వణుకు వినేసరికి అతను హెడ్‌ఫోను తీసి బల్ల మీద పెట్టేశాడు.

తాతయ్య చెయ్యి చెవి దగ్గరికి వెళ్ళింది. కొవ్వొత్తి కేసి చూశాడు. ఎదుటి మొహాల కేసి చూశాడు.

"నాన్నగారూ" అన్నాడు పెద్దబ్బాయి. "దీపం పోయింది సరే. మీకేం పోయింది?"

నవ్వులు.

"నేనెవర్ని నాన్నగారూ?"

తాతయ్య అతన్ని ఎగాదిగా చూశాడు. ఆ చూపులో నటన లేదు. నిజంగానే వెతుకుతున్నాడు. "నువ్వు కరెంటాయనవి" అన్నాడు చివరికి. "అదేదో చూసి వెళ్ళు. పిల్లలు చీకట్లో ఉన్నారు."

హాలు ఊగిపోయింది. అంతటి నవ్వు పెద్దబ్బాయి తన మాటకి ఎప్పుడూ వినలేదు. నవ్వు దిగేదాకా ఆగాడు. సరిగ్గా ఎక్కడ ఆగాలో అతనికి నేర్పింది తాతయ్యే.

"మరి ఈవిడెవరు?" కోడల్ని చూపించాడు.

"పక్కింటావిడ. ఎప్పుడూ ఇక్కడే తింటుంది."

కోడలు తలొంచుకుంది. కింది పెదవి పళ్ళతో నొక్కి పట్టుకుంది. జనానికి అదీ నవ్వే.

"ఈ పిల్ల?"

తాతయ్య చిన్నపిల్లని చాలాసేపు చూశాడు. "ఈ పిల్లని ఎవరన్నా వాళ్ళింట్లో దింపి రండయ్యా" అన్నాడు మెల్లగా. "చీకటి పడింది, వాళ్ళ వాళ్ళు వెతుక్కుంటూ ఉంటారు."

పిల్ల నిజంగానే ఏడ్చింది. కెమెరా పిల్ల దగ్గరికి జరిగింది.

మేకప్ గది గోడలోంచి ఆ నవ్వు అమ్మగారికి వినబడింది. ఆ నాలుగు మాటల్లో నవ్వుకి చోటు లేదు. ప్రతి అక్షరం ఆవిడకి కంఠతా వచ్చు. మైకు పక్కన పడేసి, ఇంట్లో వేసుకునే చెప్పులతోనే నడవాలోకి పరుగెత్తింది. తలుపు మీద ఎర్రలైటు వెలుగుతోంది. అది వెలుగుతుంటే ఎవరూ తలుపు తియ్యకూడదు. ఆవిడ తీసింది. గుడ్డ ఆకాశాన్ని తోసుకుని, వంటింట్లోంచి వెలుగులోకి వచ్చింది. మెళ్ళో తాడుకి కళ్ళజోడు వేలాడుతోంది. నేరుగా బల్ల దగ్గరికి వెళ్ళి తాతయ్య చెయ్యి పట్టుకుంది.

"రండి. వెళ్దాం."

తాతయ్య ఆవిడ మొహంలోకి చూశాడు. తర్వాత తల తిప్పి, జనం కూర్చున్న చీకటి వైపు చూశాడు. వాళ్ళు ఊపిరి బిగబట్టి ఉన్నారు. ఆయన నడుం నిటారుగా అయింది.

"ఎవరీవిడ?" అన్నాడు. "ఈ సీన్లో ఈవిడ లేదే."

ఆ నవ్వు గురించి స్టూడియోలో ఇప్పటికీ చెప్పుకుంటారు. లైట్లు వేలాడే ఇనప కమ్మీలు అదిరాయంటారు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నడుస్తున్న కెమెరాల మధ్య, భర్త చెయ్యి పట్టుకుని, ఆవిడ అలా నిలబడే ఉంది. మొహంలో ఏ భావమూ లేదు. అదే బ్రహ్మాండంగా కుదిరిందని అందరూ అనుకున్నారట.

టీవీలో వచ్చినప్పుడు ఒక్క ముక్క కూడా కత్తిరించలేదు. జనం ఆ ఎపిసోడ్‌ని నెత్తిన పెట్టుకున్నారు. బడిపిల్లలు వీధిలో ఆవిడ వెంటపడి ఆ మాటే అనేవాళ్ళు. కూరగాయలావిడ, "ఎంత బాగా చేశావమ్మా, ఇంతకాలం ఎక్కడ దాక్కున్నావు" అంది. డైరెక్టరు ఫోను చేసింది. "మీరిద్దరూ రండమ్మా. మీకు బామ్మ వేషం. ఆయనకి ప్రతి వారం మీరెవరో గుర్తుండదు. అంతే, ఇంకేం చెయ్యక్కర్లేదు."

ఆవిడ ఫోను పెట్టేసింది. తాతయ్యని పని మానిపించింది. ఆయన మాత్రం ప్రతి ఉదయం గడ్డం గీయించుకుని, బూట్లు వేసుకుని, తలుపు దగ్గర కుర్చీలో కారు కోసం కూర్చునేవాడు. ఆయనకి తెలియదులే, జబ్బు మాట్లాడించింది, మనిషి కాదు అని ఆవిడ తనకి తాను చెప్పుకునేది. ఆ ఒక్క మాట మీదే రోజులు నెట్టుకొచ్చింది. ఆయనకి స్నానం చేయించేటప్పుడూ అదే, దుప్పటి కప్పేటప్పుడూ అదే.

కొన్నాళ్ళకి పెద్దబ్బాయి వచ్చాడు. గుమ్మంలో నిలబడి, "అమ్మా" అన్నాడు. ఆవిడ పక్కకి తప్పుకుని దారి ఇచ్చింది.

ఆ రోజు తాతయ్యకి మంచిరోజు. అలాంటి రోజులు అప్పుడప్పుడూ వచ్చేవి, మబ్బు విడిపోయినట్టు. పెద్దబ్బాయిని చూడగానే పేరు పెట్టి పిలిచి, పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"గురువుగారూ, నేను మీకు ద్రోహం చేశాను" అన్నాడు పెద్దబ్బాయి. ఏడుస్తున్నాడు.

"ఏం ద్రోహం?"

"ఆ సెలవుల ఎపిసోడ్‌లో. మీరు ఆగిపోయినప్పుడు."

"ఓ, అదా." తాతయ్య అతని తొడ మీద చరిచాడు. "చచ్చేట్టు చేశావురా. ఇన్నేళ్ళలో నువ్వు సరైన చోట ఆగింది ఆ రోజే. నీ చోట నేనున్నా అదే చేసేవాణ్ణి."

పెద్దబ్బాయి తల ఎత్తాడు. టీ తెస్తున్న అమ్మగారు గుమ్మంలో ఆగిపోయింది.

"మీకు కోపం లేదా?"

"నవ్వొచ్చిందా లేదా? కరెంటాయన అన్నప్పుడు నాకు నువ్వెవరో నిజంగానే తెలియదు. అది నా గొప్ప కాదు. చివర్న కొట్టింది చూశావూ, అదీ నాది."

అమ్మగారు ట్రే కింద పెట్టింది. "చివర్న అంటే?"

"నువ్వొచ్చి సీను పాడుచేయబోయావు కదా. ఎర్రలైటు వెలుగుతుంటే ఎవరన్నా వస్తారా? అన్నేళ్ళు నాటకాల్లో చేసినదానివి."

"నేనెవరో తెలిసే అన్నారా ఆ మాట?"

"తెలియకేం. నీ చెయ్యి తగిలితే తెలియదా?" ఆయన ఆశ్చర్యంగా ఆవిడ కేసి చూశాడు, ఇంత చిన్న సంగతి విడమరిచి చెప్పాలా అన్నట్టు. "అంతమంది నోళ్ళు తెరుచుకుని కూర్చున్నారు. ఏదో ఒకటి పడెయ్యాలి కదా వాళ్ళకి. దగ్గర్లో నువ్వున్నావు."

ఆవిడ ట్రే వంక చూసింది. టీ ఒలికింది. తుడవడానికి గుడ్డ తెచ్చి, మొత్తం శుభ్రంగా తుడిచి, గుడ్డ ఉతికి ఆరేసి వచ్చింది. అప్పటికి మబ్బు మళ్ళీ కమ్మేసింది. తాతయ్య, "కారొచ్చిందా?" అని అడుగుతున్నాడు.

పెద్దబ్బాయి వెళ్తూ, "ఆయన మాట పట్టించుకోకండమ్మా, జబ్బు కదా" అన్నాడు.

"కాదు" అంది ఆవిడ. "జబ్బయితే బాగుండేది."

మర్నాడు ఆవిడే డైరెక్టరుకి ఫోను చేసింది. "బామ్మ వేషం వేస్తాను. ఆయన రారు. నేనొక్కదాన్నే."

"తాతయ్య లేకపోతే ఎలాగమ్మా?"

"పైగదిలో నిద్రపోతున్నాడని రాయించండి. ముసలాళ్ళు నిద్రపోతే ఎవరూ అడగరు."

అలాగే రాయించారు. ఎవరూ అడగలేదు. తాతయ్యని చూసుకోవడానికి ఒక నర్సు వచ్చింది. మొదటి రోజు అమ్మగారు చీర కట్టుకుని, తల దువ్వుకుని బయటికి వస్తుంటే, ఆయన బూట్లతో సహా తలుపు దగ్గర లేచి నిలబడ్డాడు.

"మీకు ఇవాళ షూటింగు లేదు" అంది ఆవిడ.

"మరి నువ్వెక్కడికి?"

"పనికి" అని కారెక్కింది. ఆయన గేటు దాకా వచ్చాడు. నర్సు భుజం పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది.

స్టూడియోలో ఆవిడ సోఫాలో కూర్చుంది. పక్కన పెద్దబ్బాయి. ఇంతకాలం చీకట్లోంచి ఆవిడ అందించిన మాటలన్నీ ఇతరుల నోళ్ళలోంచి వచ్చాయి. ఇప్పుడు తన నోట్లో ఒకటే చిన్న డైలాగు. మేడ కేసి చూసి, "పెళ్ళయిన కొత్తలో గురక వినబడితే నిద్ర పట్టేది కాదు. ఇప్పుడు వినబడకపోతే... హాయిగా నిద్ర పడుతుంది" అనాలి. అంది. ఎక్కడా తొందరపడలేదు.

నవ్వు వచ్చింది. ముందు ఒక మూల నుంచి, తర్వాత మెట్ల మెట్లుగా హాలంతా. వెచ్చగా ఒంటి మీదికి వచ్చి పడింది. ఆవిడ ఆగింది. తగ్గుతున్నట్టు అనిపించగానే కొంచెం తల తిప్పి జనం వైపు చూసింది. అది మళ్ళీ లేచింది.

ఇంటికి తిరిగొచ్చేసరికి తాతయ్య కుర్చీలోనే ఉన్నాడు. నర్సు ఎంత బతిమాలినా బూట్లు విప్పనివ్వలేదట.

"ఎలా జరిగింది?" అని అడిగాడు. కళ్ళు తేటగా ఉన్నాయి.

"బాగా నవ్వారు."

"ఎంత?"

"రెండుసార్లు లేచింది."

ఆయన మొహం మాడిపోయింది. గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. నర్సు కలిపి పెట్టినా ఆ పూట ముద్ద ముట్టలేదు. అమ్మగారు కాళ్ళు కడుక్కుని వచ్చి బల్ల దగ్గర కూర్చుంది. ఆవిడకి బాగా ఆకలేసింది. రెండోసారి కూడా వడ్డించుకుని తింది.